చాలనని దోసిలి

ఇనుప ముక్కు రాబందు మూడోసారి తిరిగి వస్తోంది.

కింద చూస్తే కళ్ళు తిరిగే లోయ. ఆరు నెలల కిందటి దాకా ఆ లోయ అడుగున శ్వేతవాహిని నది నురగలు కక్కుతూ పారేది. ఇప్పుడక్కడ తెల్లటి ఇసుక తప్ప చుక్క తడి లేదు. పైన చూస్తే ధూమ్రాచల శిఖరం. దాని మీద నల్లరాతి బురుజులతో, రాగి తాపడం చేసిన తలుపులతో, మబ్బుల్ని పొడుస్తున్న గోపురాలతో మాంత్రికుడు ధూమజటి కోట. ఈ రెంటికీ నడుమ ఒక్కటంటే ఒక్క నారమోకు. ఆ మోకుకు వేలాడుతూ మన కాచన, కాచన నడుము పట్టుకు వేలాడుతూ దారిలో తోడైన సైనికుడు రణపాలుడు.

"పట్టు వదలకండి దొరా!" అని అరిచాడు కాచన.

"నేను వదలను గానీ నీ నడికట్టు ఊడి వస్తోందయ్యా! ముందు దాని సంగతి చూడు!"

రెండు చేతులూ మోకుకే చాలకపోతుంటే నడికట్టు సంగతి చూసేదెలా? ఇంతలో రాబందు రానే వచ్చింది. దాని రెక్కల గాలికి మోకు ఊయలలా ఊగింది. కాచన ఒంటిచేత్తో మోకు బిగించి పట్టి, వీపున కట్టుకున్న కావడి బద్ద లాగి, పక్షి మొహం మీదకి వచ్చేదాకా ఆగి, ఆ ఇనుప ముక్కు మీద ఠంగుమని ఒక్కటి వేశాడు. లోయంతా మోగింది. రాబందుకు బుర్ర తిరిగింది. అదే అదనుగా రణపాలుడు ఎగిరి దాని కాలు దొరకబుచ్చుకున్నాడు. మోకు పుటుక్కున తెగేసరికి కాచన రణపాలుడి కాలు దొరకబుచ్చుకున్నాడు. హడలిపోయిన పక్షి ఇద్దరినీ మోసుకుంటూ గిర్రున పైకి లేచి, కోట వాకిట్లో దబ్బున విదిలించి, వెనక్కి చూడకుండా పడమటి దిక్కుకు పారిపోయింది.

"కావడి బద్దతో యుద్ధం చేసేవాణ్ణి ఇవాళే చూశాను" అన్నాడు రణపాలుడు దుమ్ము దులుపుకుంటూ.

"యుద్ధం నాకెక్కడ వచ్చు దొరా! మీదకొస్తే కొట్టాను, అంతే" అన్నాడు కాచన, నడికట్టు బిగించుకుంటూ.

ఇంతకీ ఈ కాచన ఏ దేశపు రాకుమారుడని అడగబోతున్నారా? కానే కాదు. కుసుమావతీ రాజ్యపు రాజధానికి వెళ్ళే దారిలో, నది ఒడ్డునే, సింగారి కనుమ అని ఒక ఎండదారి ఉంది. అక్కడి చలివేంద్రం ఇతనిది. తాత పోశాడు, తండ్రి పోశాడు, ఇప్పుడు ఇతను పోస్తున్నాడు. నదికి దిగి కావడితో నీళ్ళు మోసుకురావడం, కుండలు నింపడం, దాహమని వచ్చినవాళ్ళకు ముంతతో ధార పోయడం. అంతకు మించి ఆ వంశంలో ఎవరూ ఏ ఘనకార్యమూ చేయలేదు.

కాకపోతే ఆ ఇంటికి ఒక కట్టుబాటుంది. తాగేవాడి పేరు అడగరాదు. తాగేవాడి మొహం చూడరాదు. తాగేవాడు తనంతట తానుగా చాలనేదాకా ధార ఆపరాదు. "మొహం చూస్తే ధార సన్నబడుతుందిరా. వీడు మనవాడా, పగవాడా, ఉన్నవాడా, లేనివాడా అని చెయ్యి లెక్కలేస్తుంది. దోసిలి ఒక్కటే చూడు" అనేవాడు తాత. అందుకని కాచనకు దేశంలో ఒక్కరి మొహం తెలియదు గానీ దోసిలి చూస్తే చాలు, మనిషిని చెప్పేస్తాడు.

నది ఎండిన నాలుగో నెలలో ఒక ముసలమ్మ వచ్చింది. కుడి చిటికెన వేలు సగమే ఉన్న చిన్న దోసిలి పట్టింది. కాచన కుండ వంచాడు. రాలేదు. ఇంకా వంచాడు. అడుగున ఉన్న నాచు తునక ఒకటి రాలి ఆ దోసిట్లో పడింది. "ఫరవాలేదులే నాయనా, పిచ్చుకలు కూడా ఇట్లాగే తిరిగిపోయినట్టున్నాయి" అంటూ ఆవిడ వెళ్ళిపోయింది. ఆ మాటకు కాచన రాత్రంతా ఏడ్చాడు. తెల్లారి కావడి బద్ద భుజాన వేసుకుని, నదిని ఎత్తుకుపోయినవాడు ఎవడో వెతుక్కుంటూ బయల్దేరాడు. అదీ కథ.

ఇక కోట వాకిలి సంగతి వినండి. ద్వారమంటే ద్వారం కాదు, నోరు తెరిచిన రాతి సింహం. ఆ కోరల మధ్యనుంచే లోపలికి దారి. నోటి ముందు ఇసుకతో చేసిన బొమ్మలు ముప్పయిరెండు. ఒకడు మీసం మెలేస్తున్నాడు. ఒకడు కత్తి ఎత్తాడు. ఇంకొకడైతే పెళ్ళిపూలదండ కూడా మెడలో వేసుకుని సిద్ధంగా వచ్చాడు. అందరూ రాకుమారులే. నదిని విడిపించినవాడికి అర్ధరాజ్యమూ కూతురు కేతకినీ ఇస్తానని విజయకీర్తి మహారాజు చాటింపు వేయించాడు మరి!

"గడప తొక్కేవాడు ఏం కోరి వచ్చాడో చెప్పాలి" అంది సింహం గుర్రుమంటూ. "నోటితో అబద్ధం చెప్పినా నేను మనసులోదే వింటాను. తనకంటూ ఏదైనా కోరాడా, ఇసుకే!"

"ప్రజలకు నీళ్ళు!" అంటూ రణపాలుడు ఒక్క ఉదుటున గడప మీదికి దూకాడు.

సింహం ఆవులించింది. "ఊఁ, ఇంకా?"

"ఇంకేముంది?"

"ఉంది. నిండు సభలో మీ నాన్న ఎప్పుడూ నీ అన్నల పేర్లే చెప్తాడు. ఒక్కసారైనా 'మా అమ్మాయి సాధించింది' అనాలని నీకు ఎంత కోరికో! కాదంటావా, కేతకీ?"

రణపాలుడి పాదాలు తెల్లబడ్డాయి. కోరికలో సగం ప్రజల కోసమే కనుక ఇసుక మోకాళ్ళ దాకా పాకి ఆగింది. తల మీది శిరస్త్రాణం జారి కిందపడింది, బారెడు జడ విడిపోయింది.

"కాచనా! నిన్ను మోసం చెయ్యాలని కాదు... నన్ను ఎవరో గెలుచుకోవడమేమిటి, నన్ను నేనే గెలుచుకుంటానని ఇట్లా వేషం కట్టి..."

"మొదటి రోజే తెలుసమ్మా" అన్నాడు కాచన తల వంచుకునే. "దారిలో నా తోలుతిత్తి నీళ్ళకి దోసిలి పట్టారు చూడండి, అప్పుడే. కత్తి పట్టిన కాయలున్నాయి, నిజమే. కాని గోళ్ళ చివర గోరింటాకు పూర్తిగా పోలేదు. చెప్పుకోవాలనుకుంటే మీరే చెప్పుకుంటారని ఊరుకున్నాను."

"ఇక నీ వంతు" అంది సింహం. "ఏం కావాలి?"

"నీళ్ళు."

"ఎవరికి?"

"దోసిలి పట్టినవాళ్ళకి."

"నీకో?"

కాచన గడప మీద నిలబడి తల గోక్కున్నాడు. సింహం అతని మనసును మూలమూలలా వెతికింది. ఒక తాటాకు పందిరి కనిపించింది. వరసగా కుండలు కనిపించాయి. ఆ తర్వాత దోసిళ్ళు, దోసిళ్ళు, దోసిళ్ళు. అట్టడుగున నాచు తునక పడిన ఖాళీ దోసిలి ఒకటి. అంతే.

"అర్ధరాజ్యం మాటేమిటయ్యా? చాటింపు వినలేదూ?"

"చాటింపువాడు మా కనుమకు వచ్చాడు స్వామీ. పాపం ఎండనపడి వచ్చాడని నీళ్ళు పోశాను. తాగి, కాసేపు కునుకు తీసి వెళ్ళిపోయాడు. వాడు ఏం చాటాలో అదే మర్చిపోయినట్టున్నాడు!"

సింహానికి నవ్వాగలేదు. రాతి దవడలు కటకటలాడాయి. ఆరు నెలలుగా కబుర్లు చెప్పే దిక్కులేక పడి ఉందేమో, అడక్కుండానే గుట్టు విప్పేసింది. "వెళ్ళు, వెళ్ళు. నీలాంటివాడి కోసమే మా దొర కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాడు. నదిని బిందెలో బంధించాడు గానీ నదీమతల్లి శాపం పెట్టింది. ఆయన ఏ నీళ్ళు ముట్టినా ఇసుకే. ఆరు నెలలుగా ఆరని దాహం! తనకంటూ ఏమీ కోరని చెయ్యి ధార పోస్తేనే ఆయన గొంతు తడుస్తుంది. అట్లా తాగి, తృప్తిగా 'చాలు' అన్నాడా, ఇక నది శాశ్వతంగా ఆయనదే."

"కాచనా, విన్నావా?" అంది కేతకి. "ఎవరడిగినా పొయ్యకు! బిందె ఎత్తుకుని వచ్చెయ్!"

లోపలి మండపం చూస్తే ఇంద్రుడికైనా కళ్ళు చెదరాలి. పగడాల స్తంభాలు, నీలాలు పొదిగిన నేల, స్ఫటికపు గోడల్లో ఎటు చూసినా పరుగులు తీస్తున్న కాంతులు. మధ్యన చందనపు పీట. పీట మీద మామూలు రాగి బిందె. ఆ బిందెలోంచి ఎక్కడో దూరాన నది ఏడుస్తున్నట్టు సన్నటి హోరు.

బిందె పక్కన ఒక ముసలమ్మ కూలబడి ఉంది.

"వచ్చావా నాయనా! నేనేరా, నీ చలివేంద్రం దగ్గర దాహంతో తిరిగిపోయిన అవ్వను. ఆ మాయదారి మాంత్రికుడు నన్ను ఎత్తుకొచ్చి ఇక్కడ పడేశాడు. నాలుక పిడచకట్టుకుపోతోంది. ఒక్క గుక్క పొయ్యి!"

కాచన కళ్ళు దించుకుని బిందె ఎత్తాడు.

"నా మొహం చూడవేంరా? అదే ముక్కు, అదే మచ్చ, అదే బోసినోరు!"

పాపం, ధూమజటి! వారం రోజులు మంత్రదర్పణం ముందు కూర్చుని ఆ ముసలమ్మ ముడతలు ఒక్కొక్కటే దిద్దుకున్నాడు. ఆ ముడతల్ని కాచన ఎన్నడూ చూడనేలేదని వాడికెట్లా తెలుస్తుంది?

"నేను మొహాలు చూడను అవ్వా. దోసిలి పట్టు" అన్నాడు కాచన.

దోసిలి ముందుకు వచ్చింది. పది వేళ్ళూ నిండుగా ఉన్నాయి. దగ్గరికి ముడిచిన వేళ్ళు కావు, లోకమంతా తనకే కావాలన్నట్టు బారచాపిన వేళ్ళు. ఆ చేతులు సన్నగా వణుకుతున్నాయి. మిగతాదంతా మాయే గానీ ఆ వణుకు మాయ కాదు.

ద్వారం దగ్గర్నుంచి కేతకి గొంతు చించుకుంది. "వాడే! గోడ మీద నీడ చూడు, జడలు కనిపిస్తున్నాయి! పొయ్యకు కాచనా!"

"నీడ చూడక్కర్లేదమ్మా. చేతులు చూశాను. అవ్వ కాదు."

"తెలిసీ పోస్తావా? వాడు చాలంటే మన రాజ్యం ఎండి చస్తుంది!"

కాచన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రాజధానిలో పగుళ్ళిచ్చిన కోనేళ్ళు గుర్తొచ్చాయి, అడుగంటిన బావుల చుట్టూ మూగిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. భయం వేసింది. ఎందుకు వెయ్యదు? కాని ఎదురుగా దాహంతో పట్టిన దోసిలి ఉంది. కోటకు రాకముందు అతని పని ఇదే, వచ్చాకా ఇదే. తర్వాత జరగబోయేది తన చేతిలో లేదు, ధార ఒక్కటే తన చేతిలో ఉంది.

బిందె వంచాడు.

వెండి తీగలా నీళ్ళు దిగాయి. ఇసుక కాలేదు! గటగట, గటగట తాగాడు ధూమజటి. ఆరు నెలల దాహం గుక్కగుక్కకీ చల్లారింది. కేతకి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇక ఒక్క మాట, రెండే అక్షరాలు. పెదవులు కదిపితే నది వాడిదే.

కదపలేదు.

దాహం తీరిందని వాడికీ తెలుసు. కాని బిందె నిండా ఇంకా నది ఉంది. ఇంకొక్క గుక్క తాగి అందామనుకున్నాడు. ఆ గుక్క అయ్యాక మరొక్కటి. వీరంగాలు వేసి, పర్వతాలు పెకలించి, ఏడు మంత్రపీఠాలు జయించిన మహామాంత్రికుడికి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పలకని మాట అది. ఇప్పుడు కొత్తగా ఎక్కడ నుంచి వస్తుంది? పొట్ట బానలా ఉబ్బింది. ముసలమ్మ చీర పిగిలి జడలు బయటపడ్డాయి. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు జారి నీలాల నేల మీద పరుగెత్తాయి.

కాచన ధార ఆపలేదు. తాగేవాడు చాలనలేదు కదా!

చీలమండల దాకా నీళ్ళు. మోకాళ్ళ దాకా. నడుము దాకా. పగడాల స్తంభాలు పెళపెళ విరిగాయి. ధూమజటి నోరు తెరిచాడు గానీ ఆ నోట్లోకి నదే దూరింది. ఒక్క పెను కెరటం లేచి వాణ్ణి చెత్తబుట్టను నెట్టినట్టు గవాక్షంలోంచి బయటికి నెట్టేసింది. అదే కెరటం వాకిట్లోకి దూకి కేతకి కాళ్ళ ఇసుక కడిగేసింది, ముప్పయిరెండు మంది రాకుమారుల్నీ తడిపి మనుషుల్ని చేసింది. మీసం మెలేస్తున్నవాడు మెలేస్తూనే "నది ఏదీ?" అని అడిగాడు. అడిగినవాడి నెత్తి మీదుగానే నది వెళ్ళింది. అందరూ లబోదిబోమంటూ బురుజులెక్కారు.

ఊడిన రాగి తలుపు ఒకటి తేలుతూ వచ్చింది. కేతకి దాని మీదికి ఎక్కి, కాచనను జుట్టు పట్టి పైకి లాగింది. తలుపు కొండ మీంచి లోయలోకి దూకింది!

అబ్బబ్బ, ఏం ప్రయాణమది! ఇసుక మేటల మీద నది వెయ్యి గుర్రాల దండులా పరుగెత్తుతుంటే, దాని మూపు మీద ఆ తలుపు. కేతకి కేరింతలు కొట్టింది. "గెలిచాం కాచనా! గెలిచాం! వాడు చాలనడని నీకు ముందే తెలుసు, అవునా?"

"తెలియదమ్మా."

"ఒకవేళ అనుంటే?"

"నది వాడిదయ్యేది."

"మరెట్లా పోశావయ్యా?"

"దోసిలి పట్టాడు కదమ్మా."

కేతకి అప్పుడు చూసింది, కాచన చేతిలో బిందె ఇంకా ఒరిగే ఉంది. ధార ఇంకా పడుతూనే ఉంది. నది ఒడ్డులు దాటి పొలాల మీద పడుతోంది. ఇంకో ఘడియ ఇట్లాగే పెరిగితే రాజధానే మునుగుతుంది!

"ఆపు కాచనా!"

"ఆగడం లేదు! చాలనకుండానే పోయాడు వాడు!"

కేతకి తన వీపు మీది డాలు పెట్టి బిందె మూతి మూసింది. డాలు ఎగిరి ఎక్కడో పడింది. "పోనీ నేను తాగి చాలంటాను. పొయ్యి!"

"మీకు దాహంగా ఉందా?"

"ఇందాకటి నుంచీ మింగిన నీళ్ళకి దాహం కూడానా!"

"అయితే ఆగదమ్మా. దాహమున్నవాళ్ళు అనాలి."

సింగారి కనుమ దూసుకుంటూ వచ్చేస్తోంది. కనుమ అవతల రాజధాని కోట బురుజుల మీద జనం. భేరీలు మోగుతున్నాయి, పట్టపుటేనుగు మీద మహారాజు దండ పట్టుకుని నిలబడ్డాడు. ఇవతలి గట్టు మీద ఒక తాటాకు పందిరి, పందిరి కింద బోర్లించిన కుండలు. ఆ కుండల పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. ఇంత దూరం నుంచి మొహం తెలియదు. ఒడిలో పెట్టుకున్న చేతులు మాత్రం తెలుస్తున్నాయి.

కాచన దూకేశాడు.

"అదేమిటి, నాన్నగారు దండతో..." అంటూనే కేతకి బురుజుల వైపు ఒకసారి చూసింది. తర్వాత పళ్ళు బిగించి తనూ దూకింది. తలుపు ఖాళీగా ముందుకు కొట్టుకుపోయింది.

బురదలో జారుతూ, చెట్ల వేళ్ళు దొరికితే పట్టుకుంటూ, ఒళ్ళంతా గీరుకుపోయినా బిందె ఒంపు మార్చకుండా గట్టెక్కాడు కాచన. ఎండకు సోలిపోయి ఉంది ఆ ముసలమ్మ. దగ్గరికి ముడిచిన చిన్న దోసిలి, సగం చిటికెన వేలు.

"అవ్వా, మొన్న తిరిగిపోయావు. పట్టు."

ఒక గుక్క. రెండు. మూడు. తడి చేత్తో మొహం తుడుచుకుని, అవ్వ తలెత్తింది.

"చాలు నాయనా."

ధార ఆగింది. కాచన చేతిలో ఖాళీ బిందె మిగిలింది. గట్టు కింద నది బుసలు మాని, ఒడ్డుల మధ్యకు ఒద్దికగా సర్దుకుని రాజధాని వైపు సాగింది. అవతల జనం జేజేలు కనుమలో మారుమోగాయి. కాచన పందిరి గుంజకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు, సంతోషంతో. అవ్వ నవ్వుతూ బోర్లించిన కుండలు వెల్లకిలా తిప్పసాగింది.

అప్పుడు కింద, రెల్లు పొదల్లో ఏదో కదిలింది. బురద కొట్టుకుపోయిన జడలు, ఎముకలు తేలిన ఒళ్ళు. ధూమజటి! పాకుతూ వచ్చి గట్టు మొదట్లో కూలబడ్డాడు. నది పక్కనే పారుతున్నా వాడి పెదవుల నిండా ఇసుకే. రెండు చేతులూ దగ్గరికి చేర్చి పైకెత్తాడు.

కేతకి కత్తి దూసింది. "జాలిపడకు కాచనా! ఈసారి చాలన్నాడంటే?"

కాచన కళ్ళు తుడుచుకున్నాడు. నదికి దిగి బిందె ముంచి తెచ్చాడు. వాడి మొహం చూడకుండా, చేతులే చూస్తూ నిలబడ్డాడు.

"వేళ్ళు దగ్గరగా పెట్టు. నీళ్ళు పోతాయి" అన్నాడు.

కేతకి కత్తి ఎత్తే ఉంది. ధూమజటి వేళ్ళు మెల్లగా ఒకదానికొకటి చేరాయి. బిందె ఒంగింది.